బొమ్మల పుస్తకం ఏది కొనాలి? ముందు చదివి వినిపించేది ఎవరో చూడండి

అన్నప్రాసన రోజు బిడ్డ ముందు బంగారం, పెన్ను, కత్తి, పువ్వులు, డబ్బులు, వాటితో పాటు ఒక పుస్తకం కూడా పెడతాం కదా, పాక్కుంటా పోయి పుస్తకం మీద చెయ్యేస్తే ఇల్లంతా సంబరం, డాక్టరంట కలెక్టరంట అని అప్పుడే ఉద్యోగం కూడా ఇచ్చేస్తాం, ఫోటో తీసి స్టేటస్ పెడతాం. ఆ పుస్తకం మాత్రం సాయంత్రానికి బీరువా మీదకి పోతుంది. మళ్ళీ ఎల్‌కేజీలో చేర్చి ఫీజు కట్టేదాకా ఆ బిడ్డ చేతికి ఇంకో పుస్తకం రాదు.

మా చుట్టాల్లో ఎవరికి బిడ్డ పుట్టినా నేను బొమ్మల పుస్తకాలే తీసుకుపోతానని అందరికీ తెలిసిపోయింది, అందుకని ఏడాదిన్నర బిడ్డకి ఏది కొనాలక్కా, తెలుగుదా ఇంగ్లీషుదా, అట్టదా మామూలుదా అని ఫోన్లు వస్తుంటాయి. నేను ముందు అడిగేది బిడ్డ వయసు కాదు, పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది అని. ఎందుకంటే రెండేళ్ళ బిడ్డ తనంతట తాను చదవదు, ఎవరో ఒళ్ళో కూచోబెట్టుకుని చదవాలి, ఆ చదివేవాళ్ళకి పుస్తకం కష్టమైనా, బోరు కొట్టినా, నాకు సరిగ్గా చదవడం రాదే అని మొహమాటం వేసినా ఎంత ఖరీదైన పుస్తకమైనా మూలకి పోతుంది. వయసు అవసరమే, కాకపోతే అది అట్ట మందం, సైజు తేల్చుకోవడానికి పనికొస్తుంది. లోపల ఏముండాలి అనేది చదివేవాళ్ళని బట్టి.

బయటి దేశాల్లో దీన్ని ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. అమెరికాలో బోస్టన్‌లో 1989లో పిల్లల డాక్టర్లు రీచ్ అవుట్ అండ్ రీడ్ అని మొదలుపెట్టారు, చెకప్‌కి వచ్చిన బిడ్డ చేతిలో ఒక బొమ్మల పుస్తకం పెట్టి ఎట్టా చదివి వినిపించాలో తల్లిదండ్రులకి అక్కడే చెప్పి పంపిస్తారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో 1992లో బుక్‌స్టార్ట్ వచ్చింది, అదీ ఇట్టాంటిదే. పాటలు పాడే డాలీ పార్టన్ 1995లో టెనెసీలో తన సొంత కౌంటీ పిలకాయలకి పుట్టినప్పటి నుంచి అయిదేళ్ళు వచ్చేదాకా నెలకో పుస్తకం పోస్టులో పంపడం మొదలుపెట్టింది, వాళ్ళ నాయనకి చదవడం రాయడం రాదు, ఆయన్ని చూసే ఈ ఆలోచన వచ్చిందని ఆమే చెప్పుకుంది. ఈ మూడింట్లోనూ పుస్తకం ఇచ్చేది బిడ్డ చేతికే, గురి మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళ మీద.

సరే, మన ఇళ్ళకి వద్దాం. నెల్లూరులో, ఒంగోలులో ఆలుమగలు ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో బిడ్డ పగలంతా నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటుంది. ఆమెకి చదువు రాకపోవచ్చు, వచ్చినా కళ్ళజోడు యాడ పెట్టిందో ఆమెకే తెలీదు. ఇట్టాంటి ఇంటికి మాటలే లేని, అంతా బొమ్మలే ఉండే పుస్తకం ఇవ్వండి, లేకుంటే పేజీకి ఒక్క ముక్క ఉండేది. అంగట్లో దీన్ని తిరగేసి ఇందులో చదవడానికి ఏముంది, దండగ అని పక్కన పెట్టేస్తారు చాలామంది. మా అత్తమ్మది టంగుటూరు పక్కన పల్లె, బడి మొహం చూడలేదు. మనవడికి ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక ఎద్దు బొమ్మ ఉంది, నున్నగా, వీపంతా చదునుగా. ఆమె దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని చూసి "ఇదేం ఎద్దురా నాయనా, మూపురం యాడ?" అనింది. వాడు బొమ్మ మీద వేలు పెట్టి "యాడ?" అన్నాడు. ఇంక చూడండి, గంగడోలు ఎట్టా ఊగుతుందో తన మెడ కింద చెయ్యి పెట్టి ఊపి చూపించింది, వాళ్ళ నాయన గిత్తల్ని బండలాగుడు పందేలకి తోలుకుపోయింది, ఒక గిత్త బండ లాగకుండా మధ్యలోనే మొరాయించి పడుకుంది, అంతా చెప్పింది, వాడు ఆ పడుకునే దగ్గర మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అని. పేజీ తిప్పనే లేదు. ఆ పేజీలో ఉండే ఇంగ్లీషు మాటలు మూడో నాలుగో.

మాటల్లేని పుస్తకం ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి, పేజీలో ఏదో ఒకటి జరుగుతా ఉండాలి. కుక్క ఊరికే నిలబడి ఉంటే కుక్క అని చెప్పి పేజీ తిప్పేస్తాం, అదే కుక్క చెప్పు నోట కరచుకుని పారిపోతుంటే, వెనకాల ఎవరో ఒంటి కాలి చెప్పుతో పరిగెత్తతా ఉంటే చెప్పడానికి కావలసినంత ఉంది. మొహాలు పెద్దవిగా ఉండాలి, కోపం, ఏడుపు, నవ్వు తెలియాలి. మరీ చిన్న చిన్న బొమ్మలు వందల కొద్దీ ఇరికించిన సంత బొమ్మలు నాలుగేళ్ళు దాటినాక బాగుంటాయి, ఏడాది బిడ్డకి వాటిల్లో ఏం చూడాలో తెలీదు.

ఇంకో రకం ఇల్లు ఇప్పుడు బాగా ఎక్కువైంది. అమ్మానాన్నలు ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం, తెలుగు గడగడా మాట్లాడతారు కానీ తెలుగు పుస్తకం చదవమంటే ఒత్తుల దగ్గర ఆగి ఆగి పోతారు. వీళ్ళకి పూర్తి తెలుగు పుస్తకం ఇస్తే రెండో రోజు నుంచి తీయరు, పూర్తి ఇంగ్లీషుది ఇస్తే బిడ్డకి ఆ భాష ఇంట్లో ఎవరూ మాట్లాడనిది. రెండు భాషల పుస్తకం వీళ్ళకి సరిగ్గా సరిపోతుంది, ఒకే పేజీలో పైన తెలుగు, కింద ఇంగ్లీషు ఉంటుంది. చెన్నైలో 1996లో మొదలైన తూలిక అనే పబ్లిషర్ వాళ్ళవి ఇంగ్లీషు తెలుగు కలిపి బాగా వచ్చాయి, ప్రథమ్ బుక్స్‌లోనూ కొన్ని ఉన్నాయి. మన గవర్నమెంటు బడి పుస్తకాలు కూడా ఈ మధ్య ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు వేస్తున్నారు కాబట్టి పల్లెల్లో కూడా ఇది కొత్తగా అనిపించదు. కాకపోతే చదివేటప్పుడు ప్రతి పేజీలో తెలుగు చదివి వెంటనే ఇంగ్లీషు చదివితే కథ నత్త నడక నడుస్తుంది, బిడ్డ లేచి పోతుంది. ఈ పూట మొత్తం తెలుగులో, ఇంకో పూట మొత్తం ఇంగ్లీషులో అని పెట్టుకుంటే తేలిక, లేదా అమ్మ ఒక భాష నాన్న ఒక భాష. కొనే ముందు తెలుగు అక్షరాలు ఎంత ఉన్నాయో చూడండి, కొన్నింట్లో ఇంగ్లీషు లావుగా వేసి తెలుగుని చీమ తలకాయంత చేసి మూలకి నెడతారు, రాత్రి పూట లైటు వెలుతురులో గుడి ఏదో దీర్ఘం ఏదో కనపడదు, గ్లాసీ పేపర్ అయితే మెరుపు ఇంకోటి.

తెలుగు పుస్తకాలకి నా పరీక్ష చాలా తేలిక, అంగట్లోనే మొదటి రెండు పేజీలు పైకి చదవండి, పక్కన వాళ్ళు చూస్తే చూడనీండి. నాలుక తగులుకుంటే వద్దు. కొన్ని అనువాదాలు మరీ గ్రాంథికంగా, పంతులుగారు పాఠం చెప్పినట్టు ఉంటాయి, రెండేళ్ళ బిడ్డ సంగతి తర్వాత, మనకే నిద్ర వస్తుంది. బాగున్న పుస్తకంలో కూడా ఉన్నది ఉన్నట్టే చదవాలని రూలేం లేదు, "ఎక్కడికి వెళ్తున్నావు" అని ఉంటే "యాడికి పోతా ఉండావు" అని చదవండి, నక్క నెల్లూరు భాష మాట్లాడితే కథకి వచ్చే నష్టం ఏమీ లేదు.

నాన్నల సంగతి వేరే. పోర్టులోనో ఫ్యాక్టరీలోనో షిఫ్టు చేసి వచ్చి, లేదా రొయ్యల చెరువుల మీద నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకుని వచ్చి అన్నం తినేసరికి కళ్ళు మూతలు పడతా ఉంటాయి. ఆయన చేతికి ముప్ఫై పేజీల కథ ఇస్తే పదో పేజీలో ఆయనే ముందు పడుకుంటాడు. పది పన్నెండు పేజీల అట్ట పుస్తకం, ప్రతి పేజీలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేది, చివర మాత్రం మారేది, అది ఇవ్వండి. అట్టాంటిది ఎన్నోసారి చదివినా కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు, బిడ్డకి కూడా తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసి తనే అరుస్తుంది. పెద్దవాళ్ళకి ఒకే పుస్తకం రోజూ చదవాలంటే విసుగు, పిలకాయలకి అదే కావాలి, కాబట్టి విసుగు తక్కువ పుట్టించే పుస్తకం ఎంచుకోవడం మన చేతుల్లో పని.

ఇంట్లో మూడో నాలుగో చదివే అక్క ఉంటే అదృష్టం. బిడ్డ పేరుతో పుస్తకం కొనండి, చదివే పని ఆమెకి అప్పజెప్పండి. ఆమె స్కూల్లో చదవడానికి తడబడే పిల్ల అయినా తమ్ముడి ముందు టీచరమ్మ అయిపోతుంది, అక్కడ మార్కులు లేవు, తప్పు చదివినా వాడికి తెలీదు. దీనికి ప్రథమ్ బుక్స్ వాళ్ళవి బాగా పనికొస్తాయి, పుస్తకం మీదే లెవల్ 1 నుంచి 4 దాకా వేసి ఉంటుంది, ఆమె చదవగలిగే దానికంటే ఒక మెట్టు కిందది తీసుకోండి. హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే సంస్థ వాళ్ళ సన్న పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో వేసేవి కూడా ఇదే పనికి చవగ్గా వస్తాయి.

ఇప్పుడు అట్ట, గుడ్డ, కాగితం. ఆరు నెలల బిడ్డ పుస్తకం ముందు నోట్లో పెట్టుకుంటుంది, అది తప్పేం కాదు, ఆ వయసులో ఏదైనా అట్టాగే చూస్తారు. అప్పుడు గుడ్డ పుస్తకం బాగుంటుంది, ఉతికేయొచ్చు, కానీ వాటిలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఒకటి చాలు, రెండోది దండగ. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి బోర్డు బుక్కు, అంటే దళసరి అట్ట పేజీలది, గుండ్రటి మూలలు ఉండేది చూసి తీసుకోండి. ఏడాది బిడ్డ ఒకేసారి మూడు నాలుగు పేజీలు తిప్పేస్తుంది, వెనక నుంచి ముందుకి తిప్పుతుంది, తలకిందులుగా పట్టుకుంటుంది, అంతా బాగానే జరుగుతున్నట్టు లెక్క. రెండున్నర మూడు దాటాక కాగితం పుస్తకం ధైర్యంగా ఇవ్వొచ్చు, చినిగితే టేపు అంటించండి, చింపేస్తాడు అని పైన పెట్టడం కంటే చినిగిన పుస్తకం కింద ఉండటమే నయం. బోర్డు బుక్కుల్లో మన తెలుగువి తక్కువ, ఉన్నవి ఎక్కువగా అఆలు, పండ్లు, జంతువులు, అందుకని ఇంగ్లీషు బోర్డు బుక్కు కొని తెలుగులో చెప్పుకోవడం తప్ప దారి లేదు, రెండేళ్ళలోపు దానికి ఇబ్బంది కూడా ఏమీ రాదు.

బటన్ నొక్కితే మ్యావ్ అనే సౌండు పుస్తకాలు, నేను కొనను, ఎవరైనా అడిగినా వద్దనే చెప్తా. ఒకటి, పుస్తకమే మాట్లాడితే మనం మాట్లాడటం మానేస్తాం. రెండు, వీటిల్లో కొన్నింట్లో బిళ్ళలాంటి చిన్న బ్యాటరీలు ఉంటాయి, బిడ్డ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చడం మొదలవుతుంది, నిజంగా ప్రాణం మీదకి వస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో ఇవాళే చూడండి, మూత వదులుగా ఉంటే పుస్తకాన్ని బిడ్డకి అందకుండా తీసేయండి. మింగిందని అనుమానం వచ్చినా అరటిపండు పెట్టి చూద్దాం అని ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

అఆల పుస్తకమా కథ పుస్తకమా అంటే మన వాళ్ళు తొంభై శాతం అఆలదే కొంటారు, ఏబీసీడీలు కూడా ఉంటే ఇంకా మంచిది, వంద మాటలు, రంగులు, ఆకారాలు, ట్రాఫిక్ సిగ్నల్, అన్నీ ఒకే దాంట్లో. డబ్బుకి తగ్గ సరుకు అనిపిస్తుంది. అది ఒకటి ఇంట్లో ఉంటే తప్పు లేదు, చిన్నప్పుడు వేలు పెట్టి ఏనుగేది అని ఆడుకోవడానికి బాగుంటుంది, గొడవ ఎక్కడొస్తుందంటే అది చేతికి రాగానే మనకి తెలియకుండానే పరీక్ష పెట్టేస్తాం, ఇదేంది, ఇదేంది, చెప్పు, మామయ్యకి చెప్పు. బిడ్డకి పుస్తకం అంటే ప్రశ్నలు అని పడిపోతుంది. కథ పుస్తకంలో ప్రశ్న అడిగినా అది వేరే, పిల్లి ఎందుకు దాక్కుంది, ఇప్పుడేమవుతుంది అని, దానికి తప్పు జవాబు ఉండదు, వాడు ఏం చెప్పినా దాన్ని పట్టుకుని ఇంకో మాట మనం కలపొచ్చు. నన్నడిగితే అఆలది ఒకటి, కథలవి మూడు నాలుగు, ఆ లెక్కలో కొనండి.

ఫోన్లో ఫ్రీగా ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నిజమే. ప్రథమ్ బుక్స్ వాళ్ళే 2015లో స్టోరీవీవర్ అని వెబ్‌సైట్ పెట్టారు, తెలుగులో బోలెడు బొమ్మల కథలు, చదువుకోవడానికీ డౌన్‌లోడ్ చేసుకోవడానికీ ప్రింటు తీసుకోవడానికీ పైసా అక్కర్లేదు, లైసెన్సే అట్టా ఇచ్చారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏందంటే ఏడాది పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దు, తగ్గితే ఇంకా మంచిది అని. పైగా ఫోన్లో కథ చదువుతుంటే పైనుంచి వాట్సాప్ మెసేజ్ దిగుతుంది, మనం అటు, బిడ్డ వేలు యూట్యూబ్ మీదకి, కథ అయిపోయింది. అందుకని నాకు నచ్చింది ప్రింటు తీయించడం. ఫోన్లో పది కథలు మీరు చదివి ఒకటి ఏరుకోండి, జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు ఒకవైపే కాకుండా రెండు వైపులా తీయమనండి, స్పైరల్ బైండింగ్ చేయించండి. లామినేషన్ చేయిస్తే మూలలు కత్తుల్లాగా ఉంటాయి, గోళ్ళ కత్తెరతో గుండ్రంగా కోయండి. ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి, కలర్ ప్రింట్లు పేజీలు పెరిగే కొద్దీ అచ్చు పుస్తకం ధరని దాటిపోతాయి, కాబట్టి అంగట్లో దొరకని కథకీ, ఊళ్ళో పుస్తకాల షాపే లేని వాళ్ళకీ ఇది దారి.

లైబ్రరీ సంగతి రెండు మాటల్లో. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు పోతుంది, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్లలోకి పోయింది, గ్రంథాలయాల విషయంలో మనం తక్కువ వాళ్ళమేం కాదు. అయినా నేను చూసిన వాటిల్లో పిల్లల అర అంటే బడికి పోయే పిలకాయల కోసమే, నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళకి ఏమీ ఉండదు. మూడేళ్ళు దాటాక తీసుకుపోండి. ఈలోపు అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో నాలుగిళ్ళ వాళ్ళు పుస్తకాలు మార్చుకుంటే అది లైబ్రరీ కంటే బాగా నడుస్తుంది.

బహుమతిగా ఇచ్చేవాళ్ళకి ఒక మాట, పది పుస్తకాల సెట్టు ఒకేసారి ఇవ్వొద్దు. సెట్టు చూడటానికి ఘనంగా ఉంటుంది, ప్యాకింగ్ కూడా తీయరు. అదే డబ్బు విడగొట్టి ఒక్కోటి ఇవ్వండి. నేను టీకా కార్డు పట్టుకుంటాను, తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేసినప్పుడు ఒక బోర్డు బుక్కు, 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు వేసేటప్పుడు ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే కథ, అయిదేళ్ళ టీకాకి నాలుగు మాటలు ఎక్కువ ఉండే పెద్ద కథ, మధ్యలో పుట్టినరోజులు ఎట్టాగూ ఉన్నాయి. తేదీలు తల్లికి గుర్తుంటాయి, సూది నొప్పికి ఏడ్చి వచ్చిన బిడ్డకి ఆ పూట ఒళ్ళో కూర్చోవడం కూడా కావాలి. ఒక బిర్యానీ ప్యాకెట్ డబ్బులకి సన్న పుస్తకాలు రెండు మూడు వస్తాయి. ఇచ్చేటప్పుడు కవర్లో పెట్టి టీపాయ్ మీద పెట్టి రాకండి, అక్కడే కూచుని ఒకసారి చదివి వినిపించండి, ఇంట్లో వాళ్ళు చూస్తే వాళ్ళకీ ఎట్టా చదవాలో తెలుస్తుంది, ముఖ్యంగా మాటల్లేని పుస్తకమైతే ఇది తప్పదు, లేకుంటే అచ్చు తప్పు పుస్తకం ఇచ్చారనుకుంటారు.

కొనడం యాడ అంటే, మన ఊళ్ళ పుస్తకాల షాపుల్లో గైడ్లు, టెస్ట్ పేపర్లదే రాజ్యం, బొమ్మల పుస్తకాలు అడిగితే కలరింగ్ పుస్తకం చేతిలో పెడతారు. ఆన్‌లైన్‌లో పబ్లిషర్ సొంత సైటులో చూస్తే లోపలి పేజీలు ఒకటి రెండు కనపడతాయి, తెలుగుది అని రాసి ఇంగ్లీషుది పంపించే గోల తక్కువ. ఆర్డర్ పెట్టేటప్పుడు భాష ఏదో రెండుసార్లు చూసుకోండి, ఒకే అట్టబొమ్మతో ఏడెనిమిది భాషల్లో ఉంటాయి. చేత్తో తిరగేసి కొనాలంటే ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం ఉంటుంది, ఒంగోలు వాళ్ళకి దగ్గర, నెల్లూరు వాళ్ళకి చెన్నై దగ్గరే కానీ తెలుగు పుస్తకాలకి విజయవాడే మేలు. పోలేకపోతే విజయవాడలో చదివే పిలకాయలు, ఉద్యోగాలు చేసేవాళ్ళు సంక్రాంతికి ఇంటికి వస్తారు కదా, వాళ్ళకి డిసెంబరులోనే ఫోన్ చేసి బిడ్డ వయసు, చదివేది ఎవరు, ఏ భాష, ఎంతలో కావాలి, ఈ నాలుగూ మెసేజ్ పెట్టండి.